ఎయిట్ మైల్ రోడ్డుకు అటూ ఇటూ

“మావాడు డెట్రాయిట్‌లో ఉంటాడండీ” అని చెప్పే తల్లిదండ్రులు మన ఊళ్లలో చాలామందే కనిపిస్తారు. వాళ్లు పచ్చళ్ల పార్సిల్ మీద రాసే అడ్రసులో మాత్రం డెట్రాయిట్ అన్న మాట దాదాపుగా ఉండదు. నోవై అనో, ట్రాయ్ అనో, కాంటన్ అనో, ఫార్మింగ్టన్ హిల్స్ అనో ఉంటుంది. 2025 జులైలో జరిగిన తానా మహాసభలను మనం డెట్రాయిట్ సభలనే చెప్పుకున్నాం. అవి జరిగింది నోవైలో. వెంకటేశ్వరస్వామి గుడి కూడా నోవైలోనే ఉంది. భారతీయ టెంపుల్ ట్రాయ్‌లో ఉంది. అసలు డెట్రాయిట్ నగరపాలక సంస్థ హద్దుల్లో ఇల్లు కొనుక్కుని కాపురముంటున్న తెలుగువాళ్లను లెక్కపెట్టడానికి ఎక్కువసేపు పట్టదు.

ఇందులో మనవాళ్లను తప్పుపట్టేదేమీ లేదు. వాళ్లు వెళ్లేసరికే ఉద్యోగాలు, మంచి బడులు, బ్యాంకులు అప్పిచ్చే ఇళ్లు ఆ ఊళ్లలో ఉన్నాయి. అవి అక్కడికి ఎలా చేరాయన్నదే ప్రశ్న. డెట్రాయిట్ ఎందుకు చితికిపోయిందని అడిగేవాళ్లు పచ్చళ్ల పార్సిల్ మీది అడ్రసు దగ్గర మొదలుపెడితే సగం దారి నడిచినట్టే.

ముందు రెండు లెక్కలు చూద్దాం. 1950లో డెట్రాయిట్ నగర జనాభా 18 లక్షల 49 వేలు. అప్పట్లో అమెరికాలో అది ఐదో పెద్ద నగరం. 2020 జనాభా లెక్కల్లో ఆ అంకె 6 లక్షల 39 వేలు. మూడింట రెండువంతుల మంది ఖాళీ. ఈ లెక్క అందరికీ తెలుసు. నగరం, దాని చుట్టూ ఉన్న ఊళ్లు అన్నీ కలిపిన ఆరు కౌంటీల లెక్కను మాత్రం ఎవరూ పట్టించుకోరు. 1970లో అక్కడి జనాభా 44 లక్షలు, 2020లోనూ దాదాపు 44 లక్షలే. యాభై ఏళ్లలో పెరగలేదు, అలాగని కరిగిపోనూ లేదు. నగరానికి ఉత్తర సరిహద్దు ఎయిట్ మైల్ రోడ్డు. దానికి దక్షిణాన పాడుబడ్డ ఇళ్లు, ఉత్తరాన పచ్చిక కత్తిరించిన వాకిళ్లు. నోవైలో ఒక కుటుంబం సగటు ఆదాయం డెట్రాయిట్ కుటుంబం ఆదాయానికి మూడింతలకు దగ్గరగా ఉంటుంది.

కాబట్టి డెట్రాయిట్ పతనానికి ఎవరు ఏ కారణం చెప్పినా నేను వేసే ప్రశ్న ఒకటే. ఆ కారణం రోడ్డుకు ఒకవైపు మాత్రమే ఎందుకు పనిచేసింది?

జపాన్ కార్ల సంగతే తీసుకోండి. 1973లో చమురు ధర భగ్గుమన్నాక అమెరికన్లు చిన్నకార్ల కోసం వెతుక్కున్నారు, డెట్రాయిట్ కంపెనీలు అందుకు సిద్ధంగా లేవు. 1979 నాటికి క్రైస్లర్ ప్రభుత్వ హామీ లేనిదే నిలబడలేని స్థితికి వచ్చింది. ఇదంతా నిజమే. కాని క్రైస్లర్ ప్రధాన కార్యాలయం 1990లలో చేరింది ఆబర్న్ హిల్స్‌కు. జనరల్ మోటార్స్ ఇంజనీర్లు పనిచేసే టెక్నికల్ సెంటర్ 1956 నుంచీ వారెన్‌లో ఉంది. విడిభాగాల కంపెనీల ఆఫీసులు ట్రాయ్‌లో, సౌత్‌ఫీల్డ్‌లో ఉన్నాయి. ఇవన్నీ ఎయిట్ మైల్‌కు అవతలి ఊళ్లు, ఇవన్నీ కార్ల మీదే బతికాయి. టయోటా దెబ్బ వీటికీ తగిలింది, అయినా ఇవి దివాలా తీయలేదు. ‘ఒకే పరిశ్రమ మీద ఆధారపడ్డ ఊరు’ అన్న వాదానికీ ఇదే జవాబు. పందొమ్మిదో శతాబ్దం చివర డెట్రాయిట్‌లో పొయ్యిలు, ఓడలు, గుర్రపుబళ్లు, మందులు తయారయ్యేవి. మూడు కార్ల కంపెనీలు ఆ వైవిధ్యాన్నంతా మింగేశాయన్నది వాస్తవం. అదే పరిశ్రమ మీద ఆధారపడ్డ పొరుగూరు ఎందుకు పచ్చగా ఉందో ఆ వాదం చెప్పలేదు.

కార్మిక సంఘాల మీద నింద వేయడమూ మామూలే. 1950లో జనరల్ మోటార్స్‌కూ, వాల్టర్ రూథర్ నడిపిన ఆటో కార్మికుల సంఘానికీ ఐదేళ్ల ఒప్పందం కుదిరింది. ‘డెట్రాయిట్ ఒడంబడిక’ అని దానికి పేరు. పింఛన్లనూ, వైద్యఖర్చుల్లో వాటానూ కంపెనీ నెత్తికెత్తుకుంది. ఆ బరువు యాభై ఏళ్ల తర్వాత కంపెనీల నడుం విరిచిందన్నది కాదనలేం. రూథర్ మొదట అడిగింది దేశమంతటికీ వర్తించే పింఛను, ఆరోగ్య పథకాలు. అవి దొరక్క కంపెనీతో సర్దుకున్నాడు. ఈ కథ మొత్తం కార్ల పరిశ్రమది, నగరానిది కాదు.

ఇక 1967. ఆ జులై 23 తెల్లవారుజామున 12వ వీధిలో లైసెన్సు లేని ఒక బార్ మీద పోలీసులు దాడి చేశారు. ఐదు రోజుల అల్లర్లలో 43 మంది చనిపోయారు, ఏడువేలమందికి పైగా అరెస్టయ్యారు, వీధులకు వీధులు తగలబడ్డాయి. మిషిగన్‌లో పాతతరం తెల్లవాళ్లను అడిగితే చాలామంది ఇప్పటికీ ఇదే చెబుతారు: అల్లర్లయ్యాయి, మేం వెళ్లిపోయాం, ఊరు చచ్చిపోయింది. కథ చెప్పడానికి తేలిక. తేదీలే ఒప్పుకోవు. 1950, 1960 మధ్యే నగరం లక్షా ఎనభైవేల మందిని పోగొట్టుకుంది. అప్పటికి ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు.

ఈ తేదీల గుట్టు విప్పినవాడు చరిత్రకారుడు థామస్ సగ్రూ. 1996లో వచ్చిన ‘ది ఆరిజిన్స్ ఆఫ్ ది అర్బన్ క్రైసిస్’ చదివాక డెట్రాయిట్ గురించి పాతపద్ధతిలో మాట్లాడటం కష్టం. ఆయన లెక్క ప్రకారం 1947, 1963 మధ్య డెట్రాయిట్ లక్షా 34 వేల ఫ్యాక్టరీ ఉద్యోగాలు కోల్పోయింది. ఆ కాలం అమెరికాకు స్వర్ణయుగం, కార్లు వేడివేడి పకోడీల్లా అమ్ముడుపోతున్న రోజులు! 1947 నుంచి 1958 దాకా మూడు పెద్ద కంపెనీలు ఆ ప్రాంతంలో 25 కొత్త ఫ్యాక్టరీలు కట్టాయి. ఒక్కటి కూడా నగరం లోపల కట్టలేదు. ఫోర్డ్ కంపెనీ 1947లో ఆటోమేషన్ కోసం ప్రత్యేకంగా ఒక విభాగమే తెరిచింది. రూజ్ ఫ్యాక్టరీలో 1945లో 85 వేలమంది పనిచేసేవారు, 1960కి 30 వేలమంది మిగిలారు.

కంపెనీలు చెప్పిన కారణం స్థలం. పాత ఫ్యాక్టరీలు నాలుగైదు అంతస్తులవి, కొత్త యంత్రాలకు ఒకే అంతస్తులో పొడుగ్గా పరుచుకున్న షెడ్లు కావాలి, నగరంలో అంత జాగా లేదు. అబద్ధం కాదు. పైకి అంతగా చెప్పని కారణం సమ్మెలు. 1937 సమ్మెల తర్వాత డెట్రాయిట్ కార్మికుడు దేశంలోకెల్లా గట్టిగా గొంతెత్తే కార్మికుడు. పదివేలమంది ఒకే గేటు దగ్గర పోగయ్యే ఏర్పాటు యజమానులకు కంట్లో నలుసైంది. పన్నులు సరేసరి. దీనికి తోడు సర్కారు డబ్బుతో వేసిన ఫ్రీవేలు సరుకునీ మనుషుల్నీ ఎంత దూరమైనా మోసేవి.

పెద్ద కంపెనీలు తరలిపోతే చిన్నవి కూలిపోయాయి. ఈస్ట్ గ్రాండ్ బూలెవార్డ్ మీద ఆల్బర్ట్ కాన్ గీసిన ప్యాకార్డ్ ఫ్యాక్టరీ 1903 నుంచి ఖరీదైన కార్లు తయారుచేసింది. 35 లక్షల చదరపు అడుగులు. 1956లో మూతపడింది.  అక్కడ పనిచేసినవాళ్లలో వయసు మళ్లినవాళ్లకు, నల్లవాళ్లకు మరో ఫ్యాక్టరీలో పని దొరకడం గగనమైపోయింది. ఆ భవనం మాత్రం, క్రమంగా కిటికీ అద్దాలన్నీ రాలిపోయి, గోడల్లోంచి చెట్లు మొలిచి, అరవై ఏళ్లకు పైగా నిలబడింది. ‘డెట్రాయిట్ శిథిలాలు’ పేరుతో మనం చూసే ఫొటోల్లో చాలావాటిలో ఉన్నది అదే. చూసేవాళ్లు దాన్ని నిన్నమొన్నటి పతనానికి గుర్తనుకుంటారు. అది మూతపడినప్పుడు అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్.

పని ఊరు దాటిపోతే పనివాడూ వెంట వెళ్లాలి. తెల్ల కార్మికుడు వెళ్లగలిగాడు, నల్ల కార్మికుడు వెళ్లలేకపోయాడు. డెట్రాయిట్ కథకు ఇదే కీలు. దాన్ని కంటితో చూడాలనుకుంటే ఎయిట్ మైల్‌కు కొద్దిగా దక్షిణంగా బర్‌వుడ్ వీధి వెనక ఒక గోడ ఉంది. ఆరడుగుల ఎత్తు, ఒక అడుగు మందం, అరమైలు పొడవు. మామూలు సిమెంటు గోడ. మన దగ్గర ఖాళీ ప్లాటుకు కట్టే ప్రహరీలాగే ఉంటుంది. 1920ల నుంచి అక్కడ నల్లవాళ్లు చిన్నచిన్న ఇళ్లు కట్టుకుని ఉన్నారు. 1941లో ఒక బిల్డరు పక్కనే తెల్లవాళ్లకు కాలనీ వేయబోయాడు. ఇళ్ల అప్పులకు హామీ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ, నల్లవాళ్లు ఇంత దగ్గరలో ఉంటే హామీ కుదరదంది. బిల్డరు మధ్యలో గోడ కట్టాడు. హామీ వచ్చింది.

ఆ గోడను కట్టింది ఎవరో ఒక మూర్ఖుడు అనుకుంటే పొరపాటు. అది ప్రభుత్వ నియమావళికి కట్టిన గోడ. నల్లవాళ్లుండే పేటల మీద ఎర్రరంగు పూసిన మ్యాపులు 1930ల నుంచే ఉన్నాయి. ఇంటి దస్తావేజుల్లో ‘ఈ ఇల్లు నల్లవాళ్లకు అమ్మరాదు’ అన్న షరతు రాసుకునేవారు. సుప్రీంకోర్టు 1948లో అలాంటి షరతులను కోర్టులు అమలుచేయకూడదని తీర్పిచ్చింది. ఆ తీర్పులో కలిపి విన్న కేసుల్లో ఒకటి డెట్రాయిట్‌దే. షరతులు పోయినా రియల్ ఎస్టేట్ ఏజెంట్లు, బ్యాంకులు, కిటికీల మీద రాళ్లు మిగిలాయి. ఇక నల్లవాళ్ల సొంత దుకాణాలు, హోటళ్లు, సంగీతశాలలతో కళకళలాడిన హేస్టింగ్స్ వీధి మీదుగా క్రైస్లర్ ఫ్రీవే వేశారు. వీధి మాయమైంది. తెల్లవాళ్లు ఊరి బయటికి వెళ్లే దారి నల్లవాళ్ల బజారు మీదుగా పడింది.

జాతి వివక్షను ఆర్థిక కారణాల పక్కన మరో కారణంగా, అయిదో నంబరుగానో ఆరో నంబరుగానో లెక్కపెట్టడం చాలా వ్యాసాల్లో చూస్తాం. నా దృష్టిలో అది సరికాదు. కంపెనీలు ఎక్కడికి వెళ్లాలో డబ్బు నిర్ణయించింది, వాళ్ల వెంట ఎవరు వెళ్లొచ్చో వివక్ష నిర్ణయించింది. రెండూ కలిశాకే ఎయిట్ మైల్ రోడ్డు సరిహద్దుగా మారింది.

అసలు నగరానికి సరిహద్దు ఎందుకంత బిగుసుకుపోయింది? ఈ ముచ్చట మరీ పాతది. మోడల్ టీ 1908లో డెట్రాయిట్‌లోని పికెట్ అవెన్యూలో పుట్టింది గాని, 1913లో కదిలే అసెంబ్లీ లైను మొదలైన హైలాండ్ పార్క్ డెట్రాయిట్ కాదు. నాలుగువైపులా డెట్రాయిట్ చుట్టుముట్టిన ఒక చిన్న ఊరు. డెట్రాయిట్ తమను కలిపేసుకుంటే ఫోర్డ్ కట్టే పన్ను చేజారుతుందని 1918లో అది వేరే నగరమైంది. డాడ్జ్ ఫ్యాక్టరీ ఉన్న హ్యామ్‌ట్రామ్క్ 1922లో అదే పని చేసింది. రూజ్ ఫ్యాక్టరీ డియర్‌బోర్న్‌లో వెలిసింది. 1926 తర్వాత డెట్రాయిట్ ఒక్క ఊరినీ కలుపుకోలేకపోయింది. 139 చదరపు మైళ్ల దగ్గర ఆగిపోయింది. అల్బుకర్క్ మాజీ మేయర్ డేవిడ్ రస్క్ 1993లో ఒక పుస్తకం రాస్తూ, హద్దులు సాగే నగరాలు బతికాయనీ, సాగనివి కుంగాయనీ తేల్చాడు. హైదరాబాద్ వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. 2007లో చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీ చేయకపోయుంటే మాదాపూర్, గచ్చిబౌలి పన్నులు చార్మినార్ వీధికి అందేవి కావు.

బడుల విషయంలో గీత చెరిపే ప్రయత్నం ఒకటి జరిగింది. నగరం పిల్లల్నీ శివారు పిల్లల్నీ కలిపి చదివించాలని కింది కోర్టు ఆదేశిస్తే, 1974లో మిల్లికెన్ వర్సెస్ బ్రాడ్లీ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో కొట్టేసింది. శివారు ఊళ్లు వివక్ష చూపినట్టు రుజువు కాలేదు కాబట్టి వాటిని కలపలేమంది. అప్పటిదాకా ఊగిసలాడుతున్న తెల్ల కుటుంబాలకు ఆ తీర్పు దారి చూపించింది. ఎయిట్ మైల్ దాటితే చాలు, ఏ కోర్టూ మీ జోలికి రాదు.

అదే ఏడాది డెట్రాయిట్‌కు మొదటి నల్లజాతి మేయర్‌గా కోల్మన్ యంగ్ వచ్చాడు. ఇరవై ఏళ్లు పాలించాడు. ఆర్థికవేత్త ఎడ్వర్డ్ గ్లేజర్ ఈయన మీద చాలా కఠినంగా రాశాడు. తన ఓటుబ్యాంకు కోసం తెల్లవాళ్లు వెళ్లిపోయేలా చేశాడన్నది, ఆండ్రే ష్లైఫర్‌తో కలిసి 2005లో రాసిన పరిశోధనాపత్రంలో గ్లేజర్ చేసిన ఆరోపణ. ఇక 2011 నాటి పుస్తకంలో, జనం కరిగిపోతున్న ఊళ్లో రెనేసాన్స్ సెంటర్ లాంటి అద్దాల మేడలు, 1987లో తిరగడం మొదలైన పీపుల్ మూవర్ రైలు ఎందుకని అడుగుతాడు. రెండోది న్యాయమైన ప్రశ్న. మనుషులు తక్కువై భవనాలు ఎక్కువైన ఊరికి కావలసింది కొత్త భవనాలు కాదు. మొదటి ఆరోపణ మాత్రం నాకు మింగుడుపడదు. యంగ్ కుర్చీ ఎక్కేనాటికే నగర జనాభా మూడున్నర లక్షలకు పైగా తగ్గిపోయింది. ఖాళీ అవుతున్న ఇంటికి తాళం ఇచ్చి, ఖాళీ చేయించింది నువ్వే అన్నట్టుంది.

యంగ్ చేసిన తప్పు మరోచోట ఉంది. 1981లో జనరల్ మోటార్స్ కొత్త ఫ్యాక్టరీ కోసం పోల్‌టౌన్ అనే పేటను నేలమట్టం చేశారు. నాలుగువేలమందికి పైగా ఇళ్లు వదులుకున్నారు, చర్చిలతో సహా అంతా పోయింది. ఆరువేల ఉద్యోగాలొస్తాయన్నారు, అన్ని రాలేదు. ప్రైవేటు కంపెనీకి ఇవ్వడానికి జనం భూమి లాక్కోవడం సబబేనన్న మిషిగన్ సుప్రీంకోర్టు, 2004లో తన తీర్పు తానే తప్పని ఒప్పుకుంది. పోల్‌టౌన్ తిరిగి రాలేదు.

ఇలాంటి తర్కమే ఊరి నడిబొడ్డున ఇప్పటికీ కనిపిస్తుంది. 1896లో హెన్రీ ఫోర్డ్ తన మొదటి బండి తయారుచేసిన బాగ్లీ అవెన్యూలోని కొట్టం ఉన్నచోటే 1926లో మిషిగన్ థియేటర్ కట్టారు. నాలుగువేల సీట్లు, పూలనగిషీల పైకప్పు. పక్కన అంటుకుని ఉన్న ఆఫీసు భవనంలోని కిరాయిదారులు, పార్కింగు లేకపోతే శివారుకు వెళ్లిపోతామన్నారు. థియేటర్ కూల్చేస్తే ఆఫీసు భవనం కదిలిపోతుంది. అందుకని 1977లో లోపలి సీట్లు పీకేసి మూడంతస్తుల కార్ల పార్కింగు పెట్టారు. ఇవాళ అక్కడ కారు ఆపి తల పైకెత్తితే, రాలిపోయిన బంగారు నగిషీలు, చిరిగిన తెర అంచులు కనిపిస్తాయి.

జనం పోయారు, ఖర్చు పోలేదు. 18 లక్షలమందికి వేసిన రోడ్లు, గొట్టాలు, దీపాలు ఏడు లక్షలమంది భరించాలి. 1962లో ఒక శాతంతో మొదలైన నగర ఆదాయపు పన్ను పెరుగుతూ పోయింది. పన్ను పెరిగినకొద్దీ కట్టగలిగినవాళ్లు గీత దాటారు. 2013లో నగరం దివాలా తీసేనాటికి పనిలో ఉన్న ఉద్యోగులు పదివేల లోపు, పింఛన్‌దార్లు ఇరవై వేలకు పైన. పింఛను నిధి లోటు పూడ్చడానికి 2005లో మేయర్ క్వామే కిల్పాట్రిక్ హయాంలో 140 కోట్ల డాలర్ల అప్పు చేశారు, వడ్డీరేట్ల మీద బ్యాంకులతో పందెం లాంటి ఒప్పందాలు కట్టారు. 2008లో వడ్డీరేట్లు కుప్పకూలడంతో పందెం ఎదురు తిరిగింది. కిల్పాట్రిక్ అవినీతి కేసుల్లో జైలుకు వెళ్లాడు, ఆయన చేసిన అప్పు ఊరి మీద ఉండిపోయింది. మరోపక్క రాష్ట్రం తన వాటా నిధులు కోసేసింది. 2013 జూన్ నాటికి నగరంలో 40 శాతం వీధిదీపాలు వెలగడం లేదు. అత్యవసరమని ఫోన్ చేస్తే పోలీసులు రావడానికి సగటున 58 నిమిషాలు పట్టేది. ఫోర్డ్ కోసం వేరుపడ్డ హైలాండ్ పార్క్ సంగతి మరీ అన్యాయం. కరెంటు బిల్లు కట్టలేక 2011లో వెయ్యికి పైగా వీధిదీపాలను స్తంభాలతో సహా పీకించుకుంది.

2013 జులై 18న డెట్రాయిట్ 1,800 కోట్ల డాలర్ల భారంతో దివాలా దరఖాస్తు పెట్టింది. ఏడాదిన్నరలో బయటపడింది. సుమారు 700 కోట్లు రద్దయ్యాయి, నగర కళా మ్యూజియంలోని బొమ్మలు అమ్మకుండా దాతలు, రాష్ట్రం కలిసి 81 కోట్ల డాలర్లకు పైగా సమకూర్చారు, మామూలు పింఛన్‌దార్లకు నాలుగున్నర శాతం కోత పడింది. దీన్ని గొప్ప రాజీ అంటారు. అదే సమయంలో నగరం 2010 నుంచి 2016 దాకా ఇళ్ల విలువను ఎక్కువ చేసి చూపి, కనీసం 60 కోట్ల డాలర్ల అదనపు పన్ను వేసిందని ‘డెట్రాయిట్ న్యూస్’ 2020లో బయటపెట్టింది. ఆ పన్ను కట్టలేక ఇళ్లు వేలంలో పోగొట్టుకున్నవాళ్లకు ఏ రాజీలోనూ చోటు దక్కలేదు.

నా వాదనకు ఎదురు నిలిచే ఊరు ఒకటుంది, దాన్ని దాచకూడదు. పాంటియాక్ ఎయిట్ మైల్‌కు అవతల, సంపన్న ఓక్లాండ్ కౌంటీ నడిమధ్యలో ఉంది, అయినా చితికిపోయింది. 2009లో దాని ఖజానా చూసుకోవడానికి రాష్ట్రమే ఒక అధికారిని పెట్టింది. అంటే ఆ రోడ్డులో మహత్యమేమీ లేదు. పాత ఫ్యాక్టరీలు, కదల్లేని నల్ల కార్మికులు, బిగుసుకున్న హద్దులు ఒకచోట చేరితే ఎక్కడైనా అదే జరుగుతుంది.

ఇప్పుడు కాస్త గాలి మారింది. 1988లో చివరి రైలు వెళ్లిపోయిన మిషిగన్ సెంట్రల్ స్టేషన్‌ను ఫోర్డ్ కొని బాగుచేసి 2024 జూన్‌లో తెరిచింది. 2023 జనాభా అంచనాల్లో, 1957 తర్వాత మొదటిసారి నగరం కొంచెం పెరిగింది. డౌన్‌టౌన్‌లో కాఫీషాపులు నిండుతున్నాయి. నాలుగు మైళ్లు లోపలికి వెళితే అంత మారలేదు.

గీతకు అటూ ఇటూ ఉమ్మడిగా మిగిలింది ఒక్కటే, నీళ్లు. డెట్రాయిట్ మంచి రోజుల్లో వేసిన శుద్ధి కేంద్రాలు, గొట్టాలే నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్‌తో సహా వందకు పైగా ఊళ్లకు నీళ్లిస్తాయి. దివాలా తర్వాత ఆ వ్యవస్థను ఏటా ఐదు కోట్ల డాలర్ల కిరాయికి 40 ఏళ్లపాటు ఒక ప్రాంతీయ సంస్థకు అప్పజెప్పారు. దివాలా నడుస్తున్న 2014లో, బిల్లులు బాకీపడ్డాయని డెట్రాయిట్ నగరంలోనే వేల ఇళ్లకు కుళాయిలు కట్టేశారు.